తిరుపతి నుంచి పులికాట్ దాకా... సైకిల్ మీద సెలవులు

జపాన్‌లో సైకిల్ యాత్రల వీడియోలు ఈ మధ్య మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క వరిమళ్లు, మధ్యలో నున్నటి రోడ్డు. యాభై దాటినవాళ్లూ అరవై దాటినవాళ్లూ హాయిగా కబుర్లు చెప్పుకొంటూ తొక్కుకుంటూ పోతుంటారు. చూడగానే ‘ఎంత బాగుందో’ అనుకుంటాం. మరుక్షణమే ‘మనవల్ల ఎక్కడవుతుందిలే’ అనేసుకుంటాం. మోకాళ్లు, షుగరు, బీపీ, నడుంనొప్పి... కారణాలకేం కొదవ?

నిజానికి అక్కడివాళ్లు మనకంటే బలవంతులేం కాదు. వాళ్ల దగ్గరున్నది ఏర్పాటు. ఆ ఏర్పాటు ఎలా ఉంటుందో తెలిస్తే అలాంటి సెలవులు మన జిల్లాలోనూ గడపొచ్చు. 2022లో జిల్లాల విభజన తర్వాత తిరుపతి జిల్లాకు సముద్రతీరం కూడా వచ్చింది కదా!

వాళ్లు చేసేదేమిటి?

జపాన్‌లో సైకిల్ దారులన్నిటిలోకీ పేరున్నది షిమనామి కైడో. ఒనోమిచి నుంచి ఇమాబారి దాకా దాదాపు 70 కిలోమీటర్లు. దీవుల్ని వంతెనలతో కలుపుతూ సాగే ఈ దారి 1999లో మొదలైంది. దారి తప్పకుండా రోడ్డు పక్కన నీలిరంగు గీత ఉంటుంది. వంతెన మీదకు ఎక్కడానికి సైకిళ్లకు వాలు తక్కువగా ఉండే దారి వేరేగా కట్టారు. అద్దె సైకిల్‌ను ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో అప్పగించొచ్చు. అలసిపోతే సైకిల్‌ను విడదీసి, సంచిలో కట్టి రైలెక్కించుకోవచ్చు.

గైడ్‌తో వెళ్లే యాత్రల్లో ఇంకో మెట్టు పైకి వెళతారు. ముందు ఒకరు దారి చూపిస్తారు. అందరికంటే వెనక ఇంకొకరు ఉంటారు. ఎవరెంత నెమ్మదిగా తొక్కినా వీరు మాత్రం వాళ్లను దాటి ముందుకు పోరు. సామానంతా వ్యాన్‌లో వెళుతుంది. ఓపిక లేనివాళ్లు ఆ వ్యాన్ ఎక్కేయొచ్చు, అదేం నామోషీ కాదు. రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు. సాయంత్రానికి వేడినీటి స్నానం, భోజనం, నిద్ర. మొత్తం మీద చూస్తే మనిషి చేయాల్సింది తొక్కడం ఒక్కటే. ఆగడం, తాగడం, తినడం ఎప్పుడన్నది ముందే రాసి ఉంటుంది.

ఆరోగ్యం దృష్టితో చూస్తే అన్నిటికంటే విలువైనవాడు ఆ వెనక వచ్చే మనిషే. ఒంటరిగా వెళ్లేవారు అలుపొచ్చినా ‘ఇంకో ఐదు కిలోమీటర్లేగా’ అని లాగేస్తారు. గుంపులో వెళ్లేవారు పక్కవాళ్ల ముందు చిన్నతనమని లాగేస్తారు. ‘ఇక చాలు, దిగండి’ అనగలిగే మనిషి ఒకరుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

మన దారి ఇదీ

ఇంటివాళ్లూ స్నేహితులూ కలిపి ఎనిమిది, పది మంది అయితే చాలు. ఒక వ్యాన్ మాట్లాడుకోండి. మూడు రోజులు కేటాయించుకోండి. తిరుపతి సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తులో ఉంది. పులికాట్ సరస్సు దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. అంటే తూర్పు దిక్కుగా వెళ్లేవారికి దారి మొత్తం మీద కాస్త కాస్త దిగుతూ ఉంటుంది. పెద్ద ఎక్కుళ్లు లేవు. ఘాట్ రోడ్లు ఈ పథకంలో లేవు, ఉండకూడదు కూడా.

మొదటి రోజు రేణిగుంట దాటాక పెద్ద రోడ్డు వదిలి పాపానాయుడుపేట మీదుగా వెళ్లండి. గాజుపూసల తయారీకి పేరున్న ఊరు. ఆ దగ్గర్లోనే గుడిమల్లం. ఇక్కడి పరశురామేశ్వరాలయంలోని లింగం క్రీస్తుపూర్వం నాటిదని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. గుళ్లో చల్లగా కాసేపు కూర్చుని, ఏర్పేడు మీదుగా శ్రీకాళహస్తి చేరితే ఆ రోజుకు సరి. అటూ ఇటూ తిరిగినా నలభై ఐదు కిలోమీటర్లకు మించదు.

రెండో రోజు కాస్త పెద్దది. బుచ్చినాయుడు కండ్రిగ, వరదయ్యపాళెం మీదుగా తడ చేరి, అక్కడి నుంచి సూళ్లూరుపేట వెళ్లాలి. శ్రీసిటీకి వెళ్లే లారీలు తగులుతాయి. అందుకని ఒకరి వెనక ఒకరుగానే వెళ్లాలి. తడ నుంచి చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మొదలవుతుంది. ఆ ముక్క సైకిల్ మీద వద్దు. సైకిళ్లు వ్యాన్‌లో వేసి మీరూ ఎక్కేయండి. ‘మొత్తం తొక్కాం’ అని చెప్పుకోవడానికి అక్కడ ప్రాణాలు పణంగా పెట్టనక్కర్లేదు.

మూడో రోజుదే అసలు అందం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. దాదాపు 18 కిలోమీటర్లు, రెండుపక్కలా నీళ్లే. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చలికాలంలో ఫ్లెమింగోలు గుంపులుగా దిగి ఉంటాయి. కారులో వెళితే ఇరవై నిమిషాల్లో దాటేస్తారు. సైకిల్ మీద ఆ పక్షులు మెడ వంచి నీళ్లలో వెతుక్కోవడం దాకా కనిపిస్తుంది. మధ్యలో అటకానితిప్ప దగ్గర ఆగొచ్చు. షార్ గేటు నుంచి వెనక్కి తిరగాల్సిందే. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆంక్షలుంటాయి, తేదీలు చూసుకుని బయల్దేరండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. దారి దిగుడే అయినా గాలి ఎదురొస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలం నుంచి జనవరి దాకా మన తీరంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచే వీస్తుంది, మీరు వెళ్లేదేమో తూర్పుకి. వాయులింగ క్షేత్రంలో రాత్రి బస చేసి తెల్లారి గాలికి ఎదురెళ్లడమంటే ఇదే మరి! ఎదురుగాలిలో వేగం కోసం పట్టుబట్టకండి. గేరు తగ్గించి, పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా తొక్కండి. రెండు మాటలకే ఆయాసం వస్తోందంటే మీ శక్తికి మించి తొక్కుతున్నారన్నమాట.

కాలం సంగతికొస్తే నవంబరులో తుపాన్ల భయం, మార్చి దాటితే ఎండ. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మేలు. అప్పుడైనా తెల్లవారుతూనే మొదలుపెట్టి పదకొండు లోపు ముగించేయాలి. పులికాట్ రోడ్డు మీద నీడ కోసం వెతకడం దండగ.

ముందు ఎనిమిది వారాలు

అలిపిరి మెట్లు 3,550 ఆగకుండా ఎక్కేవాళ్లు మన ఊళ్లో ఎంతమందో. అలాంటివారికి గుండె, కాళ్లు సిద్ధంగానే ఉంటాయి. పిరుదులు, అరచేతులు, మెడ మాత్రం సిద్ధంగా ఉండవు. అవి సీటు మీద గంటల తరబడి కూర్చుంటేనే అలవాటు పడతాయి. కాబట్టి ఎవరైనా సరే ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టాలి.

మొదట్లో వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున. తర్వాత ఆదివారం దూరాన్ని మెల్లగా పెంచండి. తిరుపతివాళ్లకు చంద్రగిరి కోట దాకా వెళ్లి రావడం, చిత్తూరువాళ్లకు కాణిపాకం వెళ్లి రావడం చక్కటి కొలత. పోనూ రానూ పాతిక, ముప్పై కిలోమీటర్లు. ఆఖరి రెండు వారాల్లో ఒక పరీక్ష పెట్టుకోండి. శనివారం నలభై కిలోమీటర్లు తొక్కి, ఆదివారం పొద్దున మళ్లీ ముప్పై తొక్కాలి. ఒక్కరోజు ఎవరైనా తొక్కేస్తారు. రెండోరోజు లేచి మళ్లీ సీటెక్కగలిగితేనే మీరు యాత్రకు సిద్ధం.

మోకాలి నొప్పికి చాలాసార్లు కారణం వయసు కాదు, సీటు ఎత్తు. సీటు మీద కూర్చుని మడమను కింది పెడల్ మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మోకాలి ముందు నొప్పి వస్తుంటే సీటు బాగా కిందకి ఉందని అనుమానించాలి. వెనక నొప్పి వస్తుంటే ఎత్తు ఎక్కువైందేమో చూడాలి. బరువైన గేరులో బలంగా తొక్కడం కూడా మోకాళ్లకు చేటు. తేలికైన గేరులో చకచకా తిప్పండి. చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి మీద బరువు ఎక్కువ పడుతోందని అర్థం. పట్టు మార్చుకుంటూ ఉండండి. తొడల మధ్య మొద్దుబారినట్టు ఉంటే పది, పదిహేను నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడాలి. సైక్లింగ్ షార్ట్స్ లోపల లోదుస్తులు వేసుకోకూడదు. వినడానికి వింతగా ఉన్నా, ఒరుసుకుపోయి పుండ్లు పడేది ఆ కుట్ల వల్లే.

దంపతుల్లో ఒకరు బాగా తొక్కగలరు, రెండోవారికి అలవాటు లేదనుకోండి. అలాంటప్పుడు పెడల్‌కు మోటారు సాయం ఇచ్చే ఈ-సైకిల్ మంచి ఉపాయం. జపాన్‌లో ఇవి మామూలే. దీన్ని మోసమనుకోవద్దు. కాళ్లు ఆడుతూనే ఉంటాయి, గుండె వేగం కూడా పెరుగుతుంది.

షుగరు, బీపీ ఉంటే?

ఉన్నంత మాత్రాన మానుకోనక్కర్లేదు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షుగరున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. కాకపోతే మూడు రోజులు వరసగా, రోజుకు మూడు నాలుగు గంటలు తొక్కడం మామూలు వ్యాయామం కాదు. యాత్రకు నెల ముందే మీ డాక్టరును కలిసి, రోజుకు ఎన్ని గంటలు తొక్కబోతున్నారో చెప్పి అడగండి.

ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు మరీ జాగ్రత్త. కండరాలు గంటల తరబడి గ్లూకోజును వాడుకుంటుంటే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. అంతకంటే మాయదారి సంగతి ఏమిటంటే, అది సైకిల్ దిగిన చాలాసేపటికి, రాత్రి నిద్రలోనూ పడిపోవచ్చు. కాబట్టి ఆ మూడు రోజులకు మోతాదు మార్చాలా అన్నది డాక్టరే తేల్చాలి, మీరు సొంతంగా మానేయకూడదు. బయల్దేరే ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 100 కంటే తక్కువుంటే ఏదైనా తిని, కాసేపాగి మొదలుపెట్టండి. దారిలో వణుకు, చెమట, తికమక, విపరీతమైన ఆకలి అనిపిస్తే వెంటనే ఆగి మూడు, నాలుగు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగాలి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్ష. పొట్లం వ్యాన్‌లో కాదు, మీ జేబులో ఉండాలి. వెనక వచ్చే మనిషికి మీకు షుగరుందన్న సంగతి తెలిసి ఉండాలి. మనవాళ్లు దాచేది సరిగ్గా ఈ సంగతే.

బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి గుండె వేగం మామూలుగా పెరగదు. చేతి గడియారం చూపించే అంకెను బట్టి శ్రమను అంచనా వేయొద్దు. షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ కూడా వీరికి తెలియకపోవచ్చు. మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడేవారికి ఒంట్లో నీరు తొందరగా తగ్గిపోతుంది, తొక్కే రోజుల్లో వాటి సంగతీ అడగాలి.

మెట్లెక్కుతుంటే ఛాతీలో బిగపట్టినట్టు ఉండేవారు, ఈ మధ్య స్టెంటు వేయించుకున్నవారు, కారణం లేకుండా కళ్లు తిరిగి పడిపోయినవారు మాత్రం గుండె డాక్టరు ఒప్పుకొనేదాకా సీటెక్కొద్దు. దారిలో ఛాతీ, దవడ, ఎడమ చేయి లాగినట్టున్నా, ఆగినా తగ్గని ఆయాసమున్నా ‘గ్యాస్ అయ్యుంటుందిలే’ అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి.

సద్దిమూట

జపాన్ బియ్యం ఉండలకు మన దగ్గర జవాబు లేదా? చెనిక్కాయల ఉండ, అరటిపండు, నిమ్మకాయ పులిహోర. ముందురోజు రాత్రి రాగిసంగటి భేషుగ్గా ఉంటుంది, పొద్దున తొక్కబోయే ముందు మాత్రం కడుపు నిండా సంగటి వద్దు, బరువు. గంటన్నరకోసారి కొద్దికొద్దిగా తినాలి. దాహం వేసినప్పుడల్లా తాగుతూ, చెమట ధారలు కడుతుంటే ఓఆర్‌ఎస్, ఉప్పేసిన మజ్జిగ కలుపుకోవాలి. మంచినీళ్లే లీటర్లకు లీటర్లు తాగేస్తే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక రావచ్చు. షుగరున్నవాళ్లకు సీసాల్లో అమ్మే తియ్యటి పానీయాలు అక్కర్లేదు, షుగరు పడిపోయినప్పుడు తప్ప.

హెల్మెట్ తప్పనిసరి. పల్లెల్లో కుక్కలు వెంటబడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టి నెమ్మదిగా నడవండి. కరిస్తే, గీరుకున్నా సరే, సబ్బూ ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. యాత్ర పాడవుతుందని మర్నాటికి వాయిదా వేయొద్దు.

మూడో రోజు పదకొండింటికల్లా సూళ్లూరుపేట తిరిగొచ్చేస్తారు. స్నానం, భోజనం, గంటన్నర నిద్ర. అరికాళ్లకు, తొడలకు పుండ్లేమైనా పడ్డాయేమో చూసుకోండి, షుగరున్నవాళ్లు మరీను. ఆ తర్వాత సైకిళ్లు వ్యాన్‌లో కట్టేసి, దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు వెళ్లండి. సాయంత్రం నాలుగు దాటాక నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీదికి గూడబాతులు ఒక్కొక్కటే తిరిగొస్తుంటాయి. బైనాక్యులర్స్ మరిచిపోకండి.