విశ్వవిద్యాలయాలకు కేంద్ర నిధులు: ఆగేది ఎక్కడ?

మన సరిహద్దు జిల్లాల విద్యార్థులు చదివే విశ్వవిద్యాలయాలలో అధికభాగం రాష్ట్ర ప్రభుత్వాలవే. కేంద్రం కోట్లు ఇస్తున్నదని వింటుంటాము. ప్రయోగశాల మాత్రం పాతదే. కారణాలు నిబంధనలలోనే ఉన్నాయి.

మొదటిది అర్హత. యూజీసీ చట్టంలో 1972లో చేర్చిన 12(బి) విభాగం ప్రకారం, ఆ తర్వాత స్థాపితమైన విశ్వవిద్యాలయాన్ని యూజీసీ యోగ్యమైనదిగా ప్రకటిస్తే తప్ప కేంద్ర నిధులు అందవు.

భవనాలు, ప్రయోగశాలల నిర్మాణానికి 2013లో రూసా పథకం, దాని స్థానంలో 2023లో పీఎం-ఉష వచ్చాయి. పీఎం-ఉషకు 2025-26 వరకు మూడేళ్లకు నిర్ణయించిన వ్యయం రూ.12,926 కోట్లు. మన వంటి రాష్ట్రాలలో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. రాష్ట్రం తన వాటా జమ చేయకున్నా, ఖర్చయిన సొమ్ముకు వినియోగ ధ్రువపత్రం పంపకున్నా తదుపరి విడతకు ఆటంకమే. గోడలు లేచి కప్పు పడని కట్టడాలను చూసినప్పుడు ముందుగా ఆరా తీయవలసినది ఈ రెండే.

పరిశోధన నిధుల దారి వేరు. అక్కడ దరఖాస్తు చేసేది అధ్యాపకుడు. ఆ రంగపు నిపుణులు ప్రతిపాదనలను పరిశీలించి ఎంపిక చేస్తారు. 2024 నుండి ఈ బాధ్యత ప్రధానంగా అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థది. దానికి ఐదేళ్లలో సమకూడగలవన్న రూ.50,000 కోట్లలో రూ.36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుండి రావాలని 2023లో అంచనా వేశారు. చిన్న పట్టణపు విశ్వవిద్యాలయాన్ని పరిశ్రమలు వెదుక్కుంటూ వస్తాయా అన్నది అనుమానమే.

అంతకన్న పెద్ద చిక్కు మరొకటి. దరఖాస్తుదారు సాధారణంగా శాశ్వత ఉద్యోగి అయి ఉండాలి. పోస్టులు భర్తీ కాక అతిథి ఉపన్యాసకులతో నడిచే శాఖలో ప్రతిపాదన పంపగలవారే ఉండరు. ఆ భర్తీకి అనుమతి ఇవ్వవలసినది ఢిల్లీ కాదు, రాష్ట్ర ప్రభుత్వమే.