పటికబెల్లంలో దారం, నైలానులో మన్ను

పిల్లలూ, పటికబెల్లం చప్పరించేటప్పుడు ఒక్కొక్కసారి నోటికి దారం తగులుతుంది. విసుక్కోకండి. కావాలనే చిక్కటి పంచదార పాకంలో దారాలు వేలాడదీస్తారు. పాకం చల్లారేటప్పుడు చక్కెర ఆ దారాన్ని ఆధారం చేసుకుని పలుకులు కడుతుంది. ఇలా అణువులు వరసగా పేరుకున్న పలుకునే స్ఫటికం అంటారు.

ప్లాస్టిక్కులో కూడా స్ఫటికాలు వుంటాయంటే నమ్ముతారా? నైలాను సంగతే చూడండి. దాని అణువులు పొడుగాటి దారాల వంటివి. కరిగినప్పుడు చిక్కుపడిన నూలులాగా వుంటాయి. చల్లారేటప్పుడు కొన్ని, చీర మడతపెట్టినట్టు మడతలు పడి స్ఫటికాలవుతాయి. తక్కినవి చిక్కుగానే వుండిపోతాయి. ఆ మడతలనుబట్టే వస్తువు గట్టితనం.

1980లలో జపానులో టయోటా కార్ల సంస్థ పరిశోధకులు నైలానులో బంకమన్ను కలిపారు. అది మామూలు మన్ను కాదు, మోంట్‌మోరిల్లొనైట్ అనే రకం. అందులో రేకులు, పుస్తకంలో కాగితాల్లాగా ఒకదాన్నొకటి అంటుకుని వుంటాయి. రేకు మందం ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు! వూరికే కలిపితే అవి విడవవు. అందుకని వాళ్లు రేకుల మధ్యకు నైలాను ముడిపదార్థాన్ని పంపి, అక్కడే నైలాను తయారయ్యేట్టు చేశారు. నైలాను పెరిగినకొద్దీ రేకులు దూరదూరంగా జరిగాయి.

ఫలితం చూడండి. బరువు మోస్తూ 65 డిగ్రీల వేడికే వంగిపోయే నైలాను, నూటికి నాలుగైదు పాళ్ల మన్నుతో సుమారు 150 డిగ్రీల దాకా ఓర్చుకున్నది! కారు ఇంజనులో బెల్టుకు మూత దానితోనే చేశారు. రేకులు దారాలను కదలనీయకుండా పట్టివుంచటమే దీనికి ముఖ్య కారణం.

మరి స్ఫటికాల మాట? పాకంలో దారంలాగే ఇక్కడ రేకు ఆధారమవుతుంది; నైలాను త్వరగా పలుకు కడుతుంది. ఇంకో చిత్రం వున్నది. నైలాను దారాలు రెండు తీరుల్లో అమరుతాయి. మన్ను వున్నచోట అవి, మామూలుగా తక్కువగా కనిపించే రెండో తీరుకే మొగ్గుతాయి.

"అయితే ఇంకా వేస్తే సరి!" అంటారేమో. అక్కడే వచ్చింది చిక్కు. తిరునాళ్లలో జనం కిక్కిరిసిన చోట నిలబడి చీర మడతపెట్టగలరా? రేకులు మరీ ఎక్కువైతే దారాలకూ అదే గతి. స్ఫటికాలు చాలాచోట్ల మొదలవుతాయి గాని, పెరగటానికి తావుండదు, పని నెమ్మదిస్తుంది.

పైగా అన్ని ప్లాస్టిక్కులకూ ఒకే కొలత పనికిరాదు. నైలానులో చక్కగా విడిపోయే రేకులు, బకెట్లు చేసే పాలీప్రొపిలీనులో అంత తేలికగా విడవవు. దానికి వేరే ఉపాయం పన్నవలసిందే.