సైన్స్ కథల ఛానెల్‌లోకి కుస్తీలు ఎలా వచ్చాయి?



మన హాస్టల్లో టీవీ ఒక్కటే. ఆదివారం క్రికెట్ పెట్టాలా, సినిమా పెట్టాలా అని మనం వాదులాడుకుంటాం. కానీ అసలు ఆ ఛానెళ్లలో ఏం రావాలో ఎవరు నిర్ణయిస్తారు? అమెరికాలోని ఒక ఛానెల్ కథ తెలుసుకుంటే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

శాస్త్రాన్ని ఆధారం చేసుకుని, ఇంకా జరగనిదాన్ని ఊహించి చెప్పే కథను సైన్స్ ఫిక్షన్ అంటారు. 1991లో వచ్చిన సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369'లో కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళతారు కదా, అలాంటి కథలన్నమాట. కేవలం ఇలాంటి కథల కోసమే 1992 సెప్టెంబరు 24న అమెరికాలో 'సై ఫై ఛానెల్' మొదలైంది. అంతరిక్ష నౌకలు, మరమనుషులు, వేరే గ్రహాల జీవులు దాని సరుకు. ఈ కథలను ఇష్టపడేవారికి అది సొంత ఇల్లులా ఉండేది.

తర్వాత మెల్లగా మార్పు వచ్చింది. 'ఫార్‌స్కేప్' అనే మంచి సీరియల్‌ను ఆపేస్తున్నట్టు 2002లో ప్రకటించారు. 2004లో దయ్యాలను వెతికే 'ఘోస్ట్ హంటర్స్' వచ్చింది. 2006లో డబ్ల్యూడబ్ల్యూఈ వారి కుస్తీలు కూడా వచ్చాయి! 2009 జూలై 7న ఛానెల్ పేరు పలకడంలో తేడా లేకుండా, రాతలో మాత్రం అక్షరాలు మార్చి కొత్త పేరు పెట్టుకున్నారు. సై ఫై అన్నది అందరూ వాడే మాట కాబట్టి దాని మీద సొంత హక్కు దొరకదు. పైగా కథల పరిధి పెంచుకోవాలన్నది కూడా వారి ఆలోచన.

ఇలా ఎందుకు చేశారు? అంతరిక్ష కథ తీయాలంటే సెట్టింగులు, దుస్తులు, గ్రాఫిక్స్ అన్నీ కొత్తగా తయారు చేయాలి. ఖర్చు చాలా ఎక్కువ. నలుగురు మనుషులు టార్చిలైట్లు పట్టుకుని పాత ఇంట్లో తిరిగితే ఖర్చు తక్కువ. కుస్తీలకైతే చూసేవాళ్లు ముందే తయారుగా ఉంటారు. చూసేవాళ్లు పెరిగితే ప్రకటనల ఆదాయం పెరుగుతుంది. మన రైతు మిర్చి ధర పడిపోతే మరుసటేడు పత్తి వేసినట్టే ఇది కూడా. అయితే రైతు పత్తి వేసి దాన్ని మిర్చి అని అమ్మడు. ఈ ఛానెల్ పాత బోర్డు కిందే కొత్త సరుకు పెట్టింది. అందుకే పాత ప్రేక్షకులకు కోపం వచ్చింది.

2015లో అదే ఛానెల్ 'ది ఎక్స్‌పాన్స్' అనే గొప్ప సీరియల్ మొదలుపెట్టింది. అందులో గ్రహశకలాల మీద పనిచేసే కూలీలకు నీరు, గాలి కూడా కరువే. ఈ సీరియల్‌ను 2018లో ఆపేస్తామన్నారు. అప్పుడు అభిమానులు లక్షకు పైగా సంతకాలు సేకరించారు. విమానానికి బ్యానరు కట్టి ఎగరేశారు. చివరికి అమెజాన్ సంస్థ దాన్ని తీసుకుని మరో మూడు భాగాలు నిర్మించింది. లెక్కల్లో ఓడిన కథ కూడా జనం గొంతెత్తితే బతుకుతుందని దీనివల్ల తెలుస్తుంది.

ఇక మన సంగతి చూద్దాం. 1975 ఆగస్టు 1 నుంచి ఒక సంవత్సరం పాటు నాసా ఉపగ్రహం సాయంతో ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఉదయం పిల్లలకు పాఠాలు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం గురించిన కార్యక్రమాలు వచ్చేవి. పరిశోధకులు పల్లెల్లోనే ఉండి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకున్నారు. తర్వాత దూరదర్శన్‌లో కార్ల్ సాగన్ 'కాస్మోస్', 1997 నుంచి 'శక్తిమాన్', 1998లో 'కెప్టెన్ వ్యోమ్' వచ్చాయి.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక తెలుగులో ఛానెళ్లు పెరిగాయి. ఎవరు ఏం చూస్తున్నారో మీటర్లు పెట్టి లెక్కించడం కూడా వచ్చింది. కానీ 2000 దశకంలో ఆ మీటర్లు ప్రధానంగా పట్టణాల్లోనే ఉండేవి. పల్లెల లెక్కలు పూర్తి స్థాయిలో ప్రకటించడం 2015లో బార్క్ సంస్థ వచ్చాకే మొదలైంది. అంటే మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి తీసి, మిరపకాయలు కోసి, రాత్రికి టీవీ ముందు కూర్చున్న కుటుంబాల ఇష్టాయిష్టాలు అంతవరకూ దాదాపు ఎవరి లెక్కలోనూ లేవు. మీటర్లు పెట్టేది కుటుంబాలుండే ఇళ్లలో. కాబట్టి వందమంది విద్యార్థులు ఒకే టీవీ ముందు కూర్చున్నా హాస్టల్ ఆ లెక్కకు రాదు. మనం అడగలేదు కాబట్టి రావడం లేదని ఎవరైనా అంటే, మనల్ని ఎవరు అడిగారు?

మిత్రులారా! లెక్కలో లేనంత మాత్రాన మనకు ఊహాశక్తి లేదని కాదు. మనకు కావలసిన కార్యక్రమాల గురించి దూరదర్శన్‌కు ఉత్తరాలు రాద్దాం. లైబ్రరీలో సైన్సు పుస్తకాలు అడిగి తెప్పించుకుందాం. మన కథలు మనమే రాద్దాం. మిరపతోటకు వచ్చే తెగులును ముందుగానే పసిగట్టే యంత్రం, సాగర్ కుడికాలువ చివరి భూములకు కూడా సమంగా నీళ్లు పంచే యంత్రం ఎలా ఉంటాయో మనకంటే బాగా ఎవరు ఊహించగలరు? ఇవాళ కథగా రాసినదాన్ని రేపు మనలో ఒకరు ఇంజనీరై తయారు చేయవచ్చు కదా!