బిడ్డను పెంచేది ఎవరు? ఇల్లా, ఊరా, బడా?



ఈసారి గోడపత్రికకు నేను ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. మా కాలనీ నుంచి నాతోబాటు ఈ హాస్టలుకు వచ్చిన 6వ తరగతి తమ్ముడు దసరా సెలవలకు పోయినవాడు మళ్ళా రాలేదు. వాడి ట్రంకుపెట్టె ఇంకా మా గదిలోనే ఉంది. దాని తాళంచెవి వాడి మొలతాడుకే ఉంది.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు వాడి కోసం వెతికాను. వాడు అమ్మానాయనలతో రొయ్యల గుంటల కాడ ఉండాడు. రాత్రిపూట నాయనతోబాటు గట్టు మీద కాపలా, పగలు నిద్ర. వాళ్ళ నాయన నాకు చిన్నాయన వరస. "వాణ్ణి ఎందుకు పంపలేదు చిన్నాయనా?" అని అడిగాను. "మేమేం చేసేది అబ్బయ్యా. బళ్ళో చేర్పించినాక వాడు సారోళ్ళ బిడ్డ. వాళ్ళే చూసుకోవాల" అన్నాడు. ఇక్కడికొచ్చి అడిగితే "తల్లిదండ్రులు పంపకపోతే మేమేం చేస్తాం?" అన్నారు. మా కాలనీ పెద్దను అడిగితే "వాళ్ళ బిడ్డ, వాళ్ళ ఇష్టం. మధ్యలో మనమెవరం?" అన్నాడు.

ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురికీ వాడంటే ఇష్టమే. కానీ ముగ్గురి మాటలూ కలిపి చూస్తే వాడు ఎవరి బిడ్డా కాకుండా పోయాడు. అందుకే బిడ్డను పెంచడం, దారిలో పెట్టడం ఎవరి బాధ్యత అనే ప్రశ్నను మనం కొంచెం వివరంగా చూద్దాం.

1. మా ఇళ్ళలో పెంపకం

మా యానాదుల ఇళ్ళలో పెద్దవాళ్ళు తెల్లవారకముందే పనికి పోతారు. బిడ్డ అవ్వ దగ్గర ఉంటాడు. అవ్వ లేకపోతే పక్కింటి అవ్వ. ఆకలైతే ఏ గుడిసెలో గంజి ఉంటే ఆ గుడిసెలో తాగుతాడు. పీతను ఎట్లా పట్టుకోవాలో మామ చూపిస్తాడు. వల కుట్టడం ఇంకొకాయన నేర్పిస్తాడు. నాకు వల నేర్పిన తాత ఒక్క దెబ్బ కూడా వేయలేదు. ముడి తప్పు వేస్తే నోరెత్తకుండా దాన్ని విప్పేసి, మళ్ళా నా చేతికే ఇచ్చేవాడు. నాలుగు సార్లు విప్పినాక అయిదోసారి నాకే తెలిసిపోయింది.

దీన్నిబట్టి మాకు ఇల్లు వేరు, ఊరు వేరు కాదు. ఊరంతా కలిస్తేనే ఇల్లు. అయితే ఈ పెంపకానికి ఒక షరతు ఉంది. ఊరు ఒకచోట ఉండాలి. ఊరు చెదిరిపోతే ఈ పెంపకం కూడా చెదిరిపోతుంది.

ఇది ఇంతకుముందు కూడా జరిగింది. శ్రీహరికోట దీవి అప్పట్లో మన నెల్లూరు జిల్లాలోదే. అక్కడి యానాది కుటుంబాలు అడవినీ, పులికాట్ సరస్సునూ నమ్ముకుని బతికేవి. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రం కోసం ఎంపిక చేశారు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్లు ఎగిరాయి. దేశానికి అది గర్వకారణమే. కానీ అక్కడి కుటుంబాలు తలా ఒక దిక్కు పోవాల్సి వచ్చింది. ఊరు మారినప్పుడు ఇంటి సామాను మోసుకుపోవచ్చు, పక్కింటి అవ్వను మోసుకుపోలేం కదా. ఇప్పుడు రొయ్యల గుంటల దగ్గర కూడా అదే కష్టం. గట్టు మీద ఒకే ఒక్క పాక. అమ్మానాయనలు తప్ప బిడ్డను చూసేవాళ్ళు లేరు. వాళ్ళకేమో రాత్రీ పగలూ పని.

2. ఊరి కట్టు: మంచీ చెడూ

మన తీరంలో పట్టపుపాళేలకు పోతే ఊరి పెద్దకాపుల మాట గట్టిగా చెల్లుతుంది. ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటును దురాయి అంటారు. ఊరి మాట దాటడానికి ఎవరైనా వెనకాడతారు. ఇట్లాంటి కట్టుబాటు పిల్లల చదువు కోసం పెడితే ఎంత మేలు! బడి ఈడు బిడ్డను వేటకు తీసుకుపోకూడదని ఊరు ఒక్కమాట అనుకుంటే చాలు.

ఇంటి సంగతిలో ఊరు కల్పించుకోవచ్చా అని కొందరు అడుగుతారు. దీనికి మన జిల్లాలోనే జవాబు ఉంది. 1990ల మొదట్లో మన జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడిలో చదువుకుంటూ ఆడవాళ్ళు తమ కష్టాలు మాట్లాడుకున్నారు. మొగుడు సారాకు పోస్తే బిడ్డలకు గంజి లేదు. అది ఆ ఇంటి గొడవ అని అంతవరకు అందరూ ఊరుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఊరుకోలేదు. సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఉద్యమం జిల్లా దాటి పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. ఒక ఇంట్లో బిడ్డ పస్తుంటే అది ఊరి సంగతే అని ఆ తల్లులు నిరూపించారు.

కానీ ఊరి కట్టుకు చెడు కూడా ఉంది. ఊరు ఒక్కోసారి తప్పు చేసినవాణ్ణి సరిదిద్దదు, వెలి వేస్తుంది. ఎక్కడో కోడి పోతే ముందు మా కాలనీ పిల్లల వైపు చూస్తారు. నిజం తేలకముందే చెయ్యి చేసుకుంటారు. అదేమంటే "బుద్ధి చెప్పాం" అంటారు. బిడ్డ సంగతి తెలియనివాడు వేసే శిక్ష పెంపకం కాదు.

3. సర్కారు పెంచుతానన్నప్పుడు

ఇది మనం తప్పకుండా తెలుసుకోవాల్సిన చరిత్ర. ఇంగ్లీషు దొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మన మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. పుట్టిన కులాన్నిబట్టి మనిషిని దొంగ అనడం ఆ చట్టం పని. ఎరుకలవాళ్ళు, యానాదుల్లో కొందరు దాని కింద నలిగిపోయారు. ఆ చట్టంలో ఒక సెక్షను ఉంది. 6 ఏళ్ళు దాటి 18 ఏళ్ళు నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బళ్ళలో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. మీ అమ్మానాయనలు చెడ్డవాళ్ళు కాబట్టి మిమ్మల్ని మేం మంచివాళ్ళను చేస్తాం అని దాని అర్థం. మన కావలిలోనే ఎరుకలవాళ్ళ సెటిల్‌మెంట్ ఉండేది. దాన్ని అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు నడిపారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు నడిపారు. అక్కడ చదువూ చెప్పారు, పనీ నేర్పారు. కానీ గేటు దాటడానికి అనుమతి కావాలి.

మన నెల్లూరువాసి వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం, ఈ చట్టం పోవడం కోసం ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. 1973లో రాఘవయ్య గారికి పద్మభూషణ్ ఇచ్చారు.

మరి మన హాస్టలు కూడా పిల్లలను ఇంటి నుంచి వేరుచేసేదే కదా అని ఎవరైనా అనవచ్చు. నేనూ ఆలోచించాను. తేడా ఉంది. మనల్ని ఎవరూ ఈడ్చుకురాలేదు. మన అమ్మానాయనలే వేలిముద్ర వేసి చేర్పించారు. వాళ్ళు వచ్చి చూడవచ్చు, అడగవచ్చు, పిల్చుకుపోవచ్చు. కాబట్టి తల్లిదండ్రులను గేటు బయట నిలబెట్టి మాట్లాడి పంపిస్తే ఆ తేడా కొంచెం కొంచెంగా చెరిగిపోతుంది. వచ్చిన తల్లికి కూర్చోవడానికి బల్ల, తాగడానికి నీళ్ళు ఇస్తే ఆ తేడా నిలుస్తుంది.

4. చట్టం ఏమంటుంది?

2002లో రాజ్యాంగానికి 86వ సవరణ జరిగింది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు చదువు ప్రాథమిక హక్కయింది. అదే సవరణలో, ఆ వయసు బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని కూడా రాశారు. తర్వాత 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాంట్లో ఎవరి పని ఏమిటో విడివిడిగా ఉంది.

సెక్షన్ 10: బిడ్డను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల పని.

సెక్షన్ 9: బిడ్డ చేరాడా, రోజూ వస్తున్నాడా, చదువు పూర్తి చేశాడా అని చూడటం పంచాయతీ వంటి స్థానిక సంస్థల పని. వలసపోయిన కుటుంబాల పిల్లలను బడిలో చేర్చడం కూడా వాళ్ళ పనే.

సెక్షన్ 24: తల్లిదండ్రులను పిలిచి బిడ్డ హాజరు, చదువు సంగతి చెప్పడం టీచర్ల పని.

సెక్షన్ 17: బిడ్డను కొట్టకూడదు, మనసు నొప్పించేటట్లు వేధించకూడదు.

చూశారా! చిన్నాయన, కాలనీ పెద్ద, హాస్టలు "మాది కాదు" అన్న పని చట్టంలో అందరి పేరు మీదా ఉంది. 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతుంది. బడి అయ్యాక, సెలవల్లో ఇంటి పనికి సాయపడవచ్చు. అంతేగానీ బడి మానేసి రాత్రి కాపలా కాదు.

ప్రపంచ దేశాలు 1989లో బాలల హక్కుల ఒడంబడిక చేసుకున్నాయి. మన దేశం 1992లో దాన్ని ఒప్పుకుంది. పెంపకంలో మొదటి బాధ్యత తల్లిదండ్రులది, వాళ్ళకు అందుకు సాయపడటం ప్రభుత్వం బాధ్యత అని దాంట్లో ఉంది. "సాయపడటం" అనే మాట ముఖ్యం. కూలి దొరకని తల్లిని "నువ్వు బిడ్డను సరిగా పెంచలేదు" అని తిట్టడం సాయం కాదు.

5. దెబ్బ గురించి

మన నాయనలు చేర్పించేటప్పుడు "కళ్ళు రెండూ వదిలి ఎక్కడ కొట్టినా సరే సార్, మావాడు బాగుపడాల" అని చెబుతారు. ప్రేమతోనే అంటారు. కానీ కొట్టే హక్కును ఒకరి నుంచి ఒకరికి అప్పజెప్పే వీలు లేదు. స్వీడన్ దేశం 1979లోనే ఇంట్లో తల్లిదండ్రులు కూడా పిల్లలను కొట్టకూడదని చట్టం చేసింది.

ఇక్కడ నేను ఒక నిజం రాయాలి. ఆ తమ్ముణ్ణి సార్లు ఎవరూ కొట్టలేదు. కొట్టింది నేను. స్టడీ అవర్లో నిద్రపోతున్నాడని, నేను వాడికి అన్న వరస కదా అని, అందరి ముందు చెంప మీద కొట్టాను. మా కాలనీవాడు కాబట్టి వాడికి బుద్ధి చెప్పడం నా బాధ్యత అనుకున్నాను. రాత్రి వాడికి ఎందుకు నిద్ర పట్టడం లేదో మాత్రం అడగలేదు. గుంట గట్టు మీద కూర్చున్నప్పుడు వాడే చెప్పాడు: "హాస్టల్లో రాత్రి అమ్మ గుర్తొచ్చేది అన్నా. నీకు చెబుదామనుకున్నా. నువ్వే కొట్టావు." నాకు నోట మాట రాలేదు.

మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత చెప్పి దెబ్బను సమర్థిస్తారు. మొక్కను వంచేవాడు పక్కన కర్ర పాతి, మెత్తని తాడుతో వదులుగా కట్టి, రోజూ నీళ్ళు పోస్తాడు. గట్టిగా లాగితే మొక్క విరుగుతుంది. నాకు వల నేర్పిన తాతకు తెలిసిన సంగతి నాకు తెలియలేదు.

6. నాకు అర్థమైనది

బిడ్డ తల్లిదండ్రుల బిడ్డే. ప్రేమ, మొదటి నిర్ణయం వాళ్ళవి. ఊరి పని కనిపెట్టి ఉండటం. బిడ్డ కనిపించకపోతే "ఏడీ?" అని అడగటం. హాస్టలు పని ఇక్కడున్నన్నాళ్ళు తల్లిదండ్రుల చోట నిలబడటం, అంటే అధికారంతోపాటు వాళ్ళ ఓపికను కూడా తీసుకోవడం. ఇక పెద్ద తరగతుల వాళ్ళం మనం. మన పని చిన్నవాళ్ళకు తోడుండటం, వాళ్ళ మీద పెత్తనం చేయడం కాదు.

దీనికి నేను ఒక గుర్తు పెట్టుకున్నాను. అన్నం తిన్నావా అని అడగనివాడికి తప్పెందుకు చేశావని అడిగే హక్కు లేదు. తల్లికైనా, పెద్దకాపుకైనా, సారుకైనా, అన్నకైనా ఇదే లెక్క.

వార్డెన్ గారికి నా మనవి. వచ్చే ఆదివారం ఒక సారును, మా కాలనీ పెద్దను కలిపి రొయ్యల గుంటల కాడికి పంపండి. నేను దారి చూపిస్తాను. చిన్నాయనను తిట్టడానికి కాదు, మాట్లాడటానికి. వాడు వస్తే నా పక్కనే పడుకోబెట్టుకుంటాను. అందరి ముందు కొట్టాను కాబట్టి అందరి ముందే తప్పు ఒప్పుకుంటున్నాను.

మిత్రులారా, మీ కాలనీ నుంచి వచ్చి తిరిగి రానివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఈ కాగితం కింద జానెడు చోటు ఖాళీగా వదిలాను. వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో రాయండి. నా మాట తప్పనిపిస్తే అది కూడా రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి