తొలి ముద్రణ విలువ

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు సాగే రహదారి పొడవునా ఇంజనీరింగు, వైద్య ప్రవేశ పరీక్షలకు శిక్షణనిచ్చే సంస్థలు కనిపిస్తాయి. విజ్ఞానశాస్త్రమే జీవికగా ఎంచుకొని అక్కడ చేరే విద్యార్థులు తప్పక చదవదగిన నవల ఒకటి ఉంది. అదే ఆంగ్ల రచయిత్రి మేరీ షెల్లీ రచించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’.

1816 వేసవిలో, జెనీవా సరస్సు తీరాన, పద్దెనిమిదేళ్ల ప్రాయంలో మేరీ ఈ కథకు అంకురార్పణ చేసింది. 1818 జనవరి 1న లండన్‌లో ఇది మూడు సంపుటాలుగా వెలువడింది. నాడు అచ్చయినవి 500 ప్రతులే. వాటిపై రచయిత్రి పేరైనా లేదు. అట్టి ప్రతి ఒకటి 2021లో న్యూయార్క్ వేలంలో పదకొండు లక్షల డాలర్లకు పైగా ధర పలికింది.

విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువకుడు మృతదేహాల భాగాలను కూర్చి ఒక ప్రాణిని సృష్టిస్తాడు. దాని వికృతరూపాన్ని చూసి, భయపడి పారిపోతాడు. ఆదరణకు నోచుకోని ఆ ప్రాణి పగబట్టి అతని ఆత్మీయులను బలిగొంటుంది. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది ఆ ప్రాణి పేరని పలువురు పొరబడుతుంటారు. నిజానికి సృష్టికర్త దానికి పేరైనా పెట్టలేదు. పంచతంత్రంలోనూ ఇటువంటి కథ ఉంది. ముగ్గురు పండితులు తమ విద్యాబలంతో చచ్చిన సింహాన్ని బ్రతికించి, దానికే ఆహారమవుతారు. ముందే చెట్టెక్కిన నాలుగో మిత్రుడికి చదువు లేకున్నా వివేకం ఉంది.

1831లో మేరీ తన నవలను సవరించి ప్రచురించింది. తొలి పాఠంలో విక్టర్ తన ఇచ్ఛతోనే తప్పటడుగు వేస్తాడు. సవరించిన పాఠంలో విధి అతణ్ణి ఈడ్చుకుపోయినట్లు కనిపిస్తుంది. బాధ్యత మనిషిదా, విధిదా? ఈ ప్రశ్నకు రెండు ముద్రణలు రెండు తీరుల జవాబిస్తాయి. తొలి ముద్రణ అసలు విలువ ఇక్కడే ఉంది. సి.పి.బ్రౌన్ వ్రాతప్రతులను సేకరించి, పాఠాంతరాలను పోల్చి, 1829లో వేమన పద్యాలను ప్రకటించాడు. అంత శ్రమ ఎందుకంటే, ఒక్క మాట మారినా భావం మారవచ్చు.

లక్షల డాలర్ల ప్రతిని మనం కొనలేము. కాని 1818 నాటి పాఠాన్నే అచ్చువేసిన సాధారణ ప్రతులు నేడు దొరుకుతున్నాయి. పుస్తకం కొనేముందు అది ఏ పాఠమో చూడండి. రేపు మీరు వైద్యులైనా, ఇంజనీర్లైనా, మీ చేతిమీదుగా జరిగిన పనికి విధిని సాకుగా చూపకండి. చేసినదానికి పూచీ వహించడం కూడా విద్యలో భాగమే.