వార్తల్లో పదం: అసెంట్

విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 2025 మార్చిలో సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. అప్పటి నుంచి ఈ అంశంపై సర్వేల ప్రస్తావన పెరిగింది. పిల్లలపై చేసే అలాంటి అధ్యయనాల్లో తప్పక ఎదురయ్యే పదం అసెంట్. పద్దెనిమిదేళ్లు నిండనివారు పరిశోధనలో పాల్గొనేందుకు స్వయంగా తెలిపే ఇష్టమే అసెంట్. తల్లిదండ్రులు ఇచ్చే అనుమతి కన్సెంట్. సాధారణంగా రెండూ ఉండాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం 7–12 ఏళ్లవారు నోటిమాటగా, అంతకు పెద్దవారు రాతపూర్వకంగా అసెంట్ ఇవ్వాలి.

జహీరాబాద్‌లోని ఓ జూనియర్ కాలేజీకి ఇలాంటి సర్వే కోసం విశ్వవిద్యాలయ బృందం వస్తుందనుకుందాం. ఇంటర్ పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండవు. సమన్వయకర్త ముందు ఎథిక్స్ కమిటీ ఆమోదం తేవాలి. అది కర్ణాటక సరిహద్దు పట్టణం కాబట్టి వివరాల పత్రం తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడల్లోనూ ఉంటేనే ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది. హాస్టల్ పిల్లలైతే మరింత జాగ్రత్త అవసరం. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసిన ప్రాజెక్టులో అనేక అనుమతి పత్రాలపై వార్డెన్లే సంతకాలు చేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

సంతకం చేసినా విద్యార్థి మధ్యలో మానుకోవచ్చు, నచ్చని ప్రశ్న వదిలేయవచ్చు. అందుకు మార్కులు తగ్గించకూడదు. జవాబులు గోప్యం. అయితే ప్రాణాపాయం కనిపిస్తే సాయం చేయగలవారికి చెప్పక తప్పదు. ఆ సంగతి సంతకానికి ముందే విద్యార్థికి వివరించాలి. ప్రభుత్వ ఉచిత సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 కూడా వివరాల పత్రంలో ఉండటం మంచిది.