విచర్ 3 ఆడాలంటే పాత రెండు గేమ్‌లూ ముందు పూర్తి చేయాల్సిందేనా?

సేల్‌లో విచర్ 3 చవకగా దొరికింది, కొనేశారు. 50 జీబీ డౌన్‌లోడ్ మొదలైంది. అంతలో ఫ్రెండ్ ఒకడు వచ్చి, "ఒకటి, రెండు ఆడకుండా మూడా? కథ ఏం అర్థమవుతుందిరా?" అన్నాడు. ఇప్పుడేం చేయాలి? సిరీస్ మొదలుపెట్టే చాలామందికి వచ్చే డౌటే ఇది. నా ఫ్రెండ్ ఒకడు పట్టుదలగా మొదటి గేమ్‌తో మొదలుపెట్టి, రెండో చాప్టర్‌లోని చిత్తడి నేలల్లో అటూ ఇటూ తిరిగి విసిగిపోయాడు. అసలు మూడో గేమ్ దాకా రానే లేదు!

ముందు కథ సంగతి చూద్దాం

పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ మొదటి విచర్‌ని 2007లో, రెండోదాన్ని 2011లో, మూడోదాన్ని 2015లో విడుదల చేసింది. వీటికి మూలం ఆంద్రెజ్ సాప్కోవ్‌స్కీ నవలలు. గేమ్‌ల కథ ఆ నవలలు ముగిశాక మొదలవుతుంది.

మొదటి గేమ్‌లో మన హీరో గెరాల్ట్‌కి గతం గుర్తుండదు. అతను కేర్ మోర్హెన్ కోటకి చేరడం, విచర్ల రహస్యాలు దొంగిలించిన ముఠా వెంటపడటం దాని కథ. రెండో గేమ్‌లో రాజులని చంపేస్తున్న హంతకుడెవరో కనిపెట్టాలి, ఆ నింద గెరాల్ట్ మీదే పడుతుంది. మూడోది మాత్రం సిరి కోసం వెతుకులాట. సిరి, యెన్నెఫర్‌లతో మొదటి రెండు గేమ్‌లలో మీరు ముఖాముఖి మాట్లాడేదే ఉండదు. వాళ్ల బంధం మొత్తం నవలల్లోంచి వచ్చింది. అంటే పాత గేమ్‌లు రెండూ పూర్తి చేసినా సిరి మీకు కొత్త మనిషే. "ముందువి ఆడకపోతే అర్థం కాదు" అన్న మాట ఇక్కడే తేలిపోతుంది.

మరి స్కిప్ చేస్తే ఏం పోతుంది?

ఏమీ పోదు అంటే అబద్ధమే. మొదటి రెండు గేమ్‌లలో గెరాల్ట్ పక్కన ట్రిస్ ఉంటుంది. మూడో గేమ్‌లో ట్రిస్సా, యెన్నెఫరా అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు, పాతవి ఆడినవాళ్లకి ఆ నిర్ణయం నిజంగా బరువుగా ఉంటుంది. లెథో లాంటి పాత్ర ఎదురైనప్పుడు కూడా అంతే. కొత్తవాళ్లకి అతను ఎవరో ఒక విచర్. రెండోది ఆడినవాళ్లకి అది పాత లెక్క.

దీనికి మూడో గేమ్‌లోనే ఒక దారి ఉంది. కొత్త గేమ్ మొదలుపెట్టేటప్పుడు విచర్ 2 సేవ్‌ని సిమ్యులేట్ చేసే ఆప్షన్ ఆన్ చేయండి. విజిమా రాజభవనంలో గెరాల్ట్‌కి గడ్డం గీస్తుండగా గతంలో ఏం చేశావని ప్రశ్నలు అడుగుతారు. మీరు చెప్పే జవాబుల్ని బట్టే కథ నడుస్తుంది. లెథో మళ్లీ కనిపించాలంటే అతన్ని చంపలేదని చెప్పండి. పీసీలో అయితే నిజమైన విచర్ 2 సేవ్‌నే ఇంపోర్ట్ చేసుకోవచ్చు.

ఆడటానికి ఎలా ఉంటాయి?

మొదటి గేమ్‌లో ఫైటింగ్ అంటే సరైన క్షణంలో మౌస్ క్లిక్ చేయడం. స్ట్రాంగ్, ఫాస్ట్, గ్రూప్ అని మూడు స్టైల్స్ ఉంటాయి. ఇప్పటి గేమ్‌లకి అలవాటు పడ్డ చేతికి ఇది కుదరడం కష్టమే. పూర్తి కావడానికి సుమారు 35-40 గంటలు కావాలి. పైగా అన్‌రియల్ ఇంజిన్ 5తో దీని రీమేక్ చేస్తున్నామని 2022లోనే ప్రకటించారు, కాబట్టి తొందరేం లేదు.

రెండోది వేరే కథ. సుమారు 25 గంటల్లో అయిపోతుంది, చూడటానికి ఇప్పటికీ బాగుంటుంది. రోష్ వైపు వెళ్తే రెండో చాప్టర్ ఒకలా, ఇయోర్వెత్ వైపు వెళ్తే పూర్తిగా ఇంకోలా ఉంటుంది. ఇంత ధైర్యం మూడో గేమ్ కూడా చేయలేదు.

ఎవరు ఏది ఆడాలి?

* ప్లేస్టేషన్ లేదా స్విచ్ ఉంటే ఆలోచించే పనే లేదు. పాత రెండూ వాటిలో రాలేదు, నేరుగా మూడోదే.
* మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న పీసీ అయితే మూడోదే ముందు. నచ్చితే తర్వాత వెనక్కి వెళ్లి రెండోది ఆడండి.
* కాలేజీకి కొన్న పాత ల్యాప్‌టాప్ అయితే పాతవాటితో మొదలుపెట్టడమే తెలివైన పని. మొదటిదానికి 1 జీబీ ర్యామ్ చాలని అప్పట్లో చెప్పారు. మూడోదానికి కనీసం 6 జీబీ, జీటీఎక్స్ 660 స్థాయి కార్డ్ అడిగారు.
* సెమిస్టర్ సెలవులు పది రోజులే ఉన్నాయా? ఆ టైమ్ మూడోదానికే ఇవ్వండి.

2024 డిసెంబర్‌లో ప్రకటించిన విచర్ 4లో సిరియే హీరో. దానికి సిద్ధం కావాలన్నా మూడోదే ముఖ్యం. పాత గేమ్‌లని సిలబస్‌లా పూర్తి చేయాలని కూర్చుంటే, మా ఫ్రెండ్‌లా మధ్యలోనే ఆగిపోతారు. మూడోది పూర్తయ్యాక "ఈ గెరాల్ట్ ఇంతకుముందు ఏం చేశాడు?" అని మీకే అనిపిస్తే, రెండోది ఇన్‌స్టాల్ చేయడానికి అదే సరైన టైమ్.